మోటారు నుదుటి బొట్టు

కృష్ణ కాలవకి ఇటు పక్కన డ్రైవుల గురించి పానకాలుకు తెలియనిది లేదు. మోటారు ఎంత మెల్లగా కదలాలో, ఎంత జోరుగా తిరగాలో చెప్పే ఆ గోడ పెట్టెను అతను కళ్ళు మూసుకుని సెట్ చేయగలడు. ఈ సంగతి తెనాలిలో అందరికీ తెలుసు, ఎందుకంటే అతనే చెప్పాడు. ఆ రోజు మాత్రం రెండు కళ్ళూ తెరిచి చూస్తున్నా, దుగ్గిరాల పసుపు మిల్లులో డ్రైవు పొద్దున పదింటి నుంచీ అతని మాట వినడం లేదు.

తెనాలిలో మోటార్ల వైండింగ్ షాపు నడిపే ఖాజావలీ ఉస్తాద్ దగ్గర పానకాలు మూడేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. ఈ మధ్య షాపులో డ్రైవులు బిగించే పని కూడా మొదలైంది. పొద్దున ఉస్తాద్ అతన్ని పిలిచి, "దుగ్గిరాల మిల్లు డ్రైవు నువ్వొక్కడివే నడిపించి రా. నడిస్తే నా పనిముట్ల సంచీ నీది. రేపటి నుంచి సైట్లకు నువ్వే పో" అన్నాడు.

ఆ తోలు సంచీ భుజాన వేసుకుని తెనాలి బజారులో నడవడం పానకాలు కలలో ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. కలలో దానికి జిప్పు కూడా కొత్తది ఉండేది.

మిల్లు యజమాని కోటిరత్నమ్మ కుర్చీ తెచ్చుకుని ఎదురుగానే కూర్చుంది. పసుపు కొమ్ములు పాలిష్ పట్టే పెద్ద డ్రమ్ము ఖాళీగా ఉంటే హాయిగా తిరుగుతోంది. సరుకు పోశాక ఐదు నిమిషాలు తిరిగి ఆగిపోతోంది. డ్రైవు తెర మీద ఓవర్‌లోడ్ అని పడుతోంది.

"అబ్బాయ్, నాలుగింటికి లారీ వస్తుంది. రేపు మార్కెట్ యార్డులో వేలం. ఈ సరుకు ఇవాళ మెరవకపోతే నా మొహం ఎలా మెరుస్తుంది?"

"డ్రమ్ము బేరింగు పట్టేసిందమ్మగారూ."

"పొద్దున వైరు లూజన్నావు. ఇందాక కరెంటు తక్కువన్నావు. ఇప్పుడు బేరింగు. ఇక నేనూ, ఈ కుర్చీ మిగిలాం."

"సగం సరుకు పోసి చూద్దామండీ."

"సగం సగం పోసి తిప్పడానికి నీ డ్రైవెందుకయ్యా? పాత స్టార్టరే నయం, ఒక్క దెబ్బకి బెల్టు తెంపినా డ్రమ్మయితే తిప్పేది."

పానకాలు మళ్ళీ అంకెలన్నీ చూసుకున్నాడు. పది హార్స్‌పవర్ మోటారు. మిల్లు ఆఫీసు కాగితంలో అలాగే ఉంది, అతనూ డ్రైవులో అలాగే ఎక్కించాడు. నిజానికి ఉస్తాద్ పంపింది పదిహేను డ్రైవు. పది మోటారుకి పదిహేను డ్రైవేంటి, పాపం పెద్దాయనకి కళ్ళు మసకేశాయని దారంతా నవ్వుకుంటూ వచ్చాడు కూడా.

రెండున్నరకి నవ్వు పూర్తిగా అయిపోయింది. ఉస్తాద్‌కి ఫోన్ చేశాడు.

ఖాజావలీ ఉస్తాద్ స్కూటరు మీద వచ్చాడు. వచ్చి డ్రైవు వైపు చూడలేదు. తెర మీద అంకెలేమిటో అడగలేదు. కోటిరత్నమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కడిగిచ్చి, డ్రమ్ము కింద మోటారు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తమరి పేరేంటండీ?" అని మోటారుని అడిగాడు.

కోటిరత్నమ్మ పానకాలు వైపు చూసింది. పానకాలు పైకప్పు వైపు చూశాడు.

"మాట్లాడదే!" అన్నాడు ఉస్తాద్. "ఒరే పానకాలూ, నువ్వు నా షాపు మెట్లెక్కిన రోజు నేను నిన్ను మొదట ఏం అడిగాను?"

"పేరడిగారు ఉస్తాద్."

"నువ్వు దీన్ని అడిగావా?"

"ఆఫీసు కాగితంలో ఉందని..."

"నీ గురించి కూడా మీ నాన్న కాగితం రాసి పంపాడు. అందులో బుద్ధిమంతుడని ఉంది. అయినా నిన్ను అడిగాను కదా."

కోటిరత్నమ్మ కిసుక్కున నవ్వింది.

మోటారు వివరాలుండే రేకు పలక మీద అరచేతి వెడల్పున పసుపు, దాని నడుమ రూపాయి బిళ్ళంత కుంకుమ. అక్షరం ముక్క కనబడటం లేదు.

"బొట్టు ఉందని వదిలేశాను ఉస్తాద్. పూజ చేసింది కదా..."

"దసరా పూజదయ్యా అది," అంది కోటిరత్నమ్మ. "మీ షాపు వాళ్ళే ఐదుగురొచ్చి పెట్టారు. లడ్డూలు తిన్నదీ వాళ్ళే."

ఉస్తాద్ జేబులోంచి గుడ్డ తీసి థిన్నరులో తడిపి పానకాలు చేతికిచ్చాడు. పానకాలు తుడిచాడు. పోలేదు. గట్టిగా రుద్దాడు. అయినా పోలేదు. ఉస్తాద్ బ్లేడుతో అంచు లేపాడు. పసుపు, కుంకుమ కలిసి గాజుపెంకులా ఊడొచ్చింది. ఆయన దాన్ని వాసన చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

కింద పలక మెరిసింది. పానకాలు వంగి చదివాడు. పదిహేను హార్స్‌పవర్.

"అయ్యో," అని కోటిరత్నమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "పోయినేడు పాతది కాలిపోతే మా మేస్త్రి మిమ్మల్నడిగే ఇంకోటి తెచ్చి బిగించాడు. కాగితం ఎవరు మార్చారు!"

పది అని ఎక్కించినందుకే డ్రైవు పది దాటగానే మోటారుని ఆపేస్తోందని పానకాలుకి అప్పుడర్థమైంది. డ్రైవు దగ్గరకు వెళ్ళి, పలక మీదున్న అంకెలు ఒక్కొక్కటీ ఎక్కించాడు. ఒక్కొక్కటి ఎక్కించాక వెనక్కి వచ్చి పలక మళ్ళీ చూసుకుని వెళ్ళాడు. కళ్ళు మూసుకోలేదు.

డ్రమ్ము నిండా సరుకు పోశారు. అది మెల్లగా, నిద్ర లేచిన ఏనుగులా కదిలి, ఊపందుకుంది. ఐదు నిమిషాలు దాటాయి. పది దాటాయి. పానకాలు ఊపిరి వదిలాడు. నాలుగింటికి లారీ వచ్చేసరికి బస్తాల్లో కొమ్ములు బంగారంలా ఉన్నాయి.

గేటు దగ్గర ఉస్తాద్ స్కూటరు హ్యాండిలుకి తగిలించిన తోలు సంచీ తీసి చాచాడు. "ఇందా. నడిపించావు కదా."

పానకాలు రెండు చేతులా పట్టుకున్నాడు. సంచీ రాలేదు. ఉస్తాద్ ఇంకా పట్టీ వదల్లేదు. రెండో చేత్తో చొక్కా జేబులోంచి ఆ ఎర్ర పెంకు తీసి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"వైండింగుకి పూసే వార్నిష్షురా ఇది," అన్నాడు. "మంచి రకం. మన షాపులో వాడే రకం."

లారీ హారన్ కొట్టింది. లోపల డ్రమ్ము ఘుమఘుమలాడే పసుపు దుమ్ము లేపుతూ తిరుగుతోంది. పానకాలు ఒకసారి లాగాడు. పట్టీ కదల్లేదు. ఐదుగురు వచ్చారు కదా, ఎవరైనా అయి ఉండొచ్చు అనుకున్నాడు. ఆ ముక్కే అందామని నోరు కూడా తెరిచాడు. ఎందుకో చెప్పుల వైపు చూస్తూ వేరేది అన్నాడు.

"ఆ పలక నున్నగా, నుదురులా ఉంది ఉస్తాద్. బొట్టు నేనే పెట్టాను. మళ్ళీ దసరా దాకా చెరగకూడదని... వార్నిష్షు రెండు కోట్లు కూడా నేనే వేశాను."

సంచీ అతని చేతిలోకి వచ్చేసింది.