ఒక పొడుగు, తొమ్మిది పొట్టి

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో నేను తారుమారు చేయొచ్చు. జరిగింది మాత్రం ఇదే.

అనగనగా ఒక కొండదారి. ఆ దారి నెత్తిన ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో బూసన్న అనే మేస్త్రీ. చదువు రాదు. ఆ కాలం లారీల్లో ఇంజన్‌ని కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్ పెట్టె ఒకటుండేది. ఇంజన్‌కి జబ్బు చేస్తే అది పసుపు దీపం వెలిగించేది. దాని రెండు కన్నాల్లో తీగముక్క గుచ్చితే దీపం కొట్టుకునేది. పొడుగ్గా కొడితే పది, పొట్టిగా కొడితే ఒకటి; కూడితే వచ్చే లెక్కే జబ్బు గుర్తు. బూసన్న మూడుసార్లు లెక్కపెట్టి, లారీ తలుపు మీద సుద్దతో గీతలు గీసేవాడు. ఆ తర్వాతే పనిముట్టు పట్టేవాడు.

ఒక వానరోజు గవిరయ్య అల్లం లోడుతో అక్కడ ఆగాడు. పక్కన భార్య సన్యాసమ్మ. ఆమె ఒళ్లో జ్వరంతో కాలిపోతున్న పిల్ల. ఆసుపత్రి కొండ కింద. లారీలో దీపం వెలుగుతోంది.

బూసన్న లెక్కపెట్టాడు. మూడుసార్లూ ఒకటే. ఒక పొడుగు, తొమ్మిది పొట్టి.

“పంతొమ్మిది. ఇంజన్ వెనక పెద్ద చక్రం పక్కన బొటనవేలంత ముక్క ఉంటది. అది పోతోంది. వేడెక్కితే ఇంజన్ ఆగిపోద్ది, స్టీరింగ్ బిగుసుకుపోద్ది. దిగకు అల్లుడూ.”

గవిరయ్యకు ఆ దీపం ఆరితే చాలనిపించింది. బ్యాటరీ తీగ పీకి మళ్లీ పెట్టాడు. దీపం ఆరిపోయింది.

“చూడు మావా, తగ్గిపోయింది.”

“తగ్గలేదు. మరిచిపోయింది.”

బూసన్న పిల్ల వంక చూశాడు. తడిగుడ్డ, చెక్కదిమ్మ పట్టుకుని ఫుట్‌బోర్డు ఎక్కాడు. అప్పటికే సుద్దగీతలు వానకు కొట్టుకుపోయాయి.

“ఇక మీరే గుర్తుపెట్టుకోవాలి. లెక్క చెప్పండి.”

ఇద్దరూ చెప్పారు.

మొదటి మలుపులో ఆపించి, కిందికి దూరి ఆ ముక్కను తడిగుడ్డతో చల్లార్చాడు. “లెక్క చెప్పండి.” చెప్పారు. రెండో మలుపులో ఆపించి మళ్లీ చల్లార్చాడు. “లెక్క చెప్పండి.” చెప్పారు. మూడో మలుపు రాకముందే ఇంజన్ ఆగిపోయింది.

స్టీరింగ్ రాయయింది. ముందు లోయ. గవిరయ్య బ్రేకు మీద లేచి నిలబడ్డా లారీ జారుతూనే ఉంది. బూసన్న దూకి దిమ్మను టైరు కిందికి తోశాడు. లారీ ఆగింది. బూసన్న లేవలేదు.

గవిరయ్య గుడ్డ అందుకుని ఇంజన్ కిందికి దూరాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. భయానికి తలలో ఏమీ మిగల్లేదు.

“ఎంతే లెక్క? ఏ ముక్కే?”

“ఒక పొడుగు, తొమ్మిది పొట్టి” అంది సన్యాసమ్మ ఏడుస్తూనే. “పెద్ద చక్రం పక్కన, బొటనవేలంత. తడుపు.”

తడిపాడు. ఇంజన్ అందుకుంది. పిల్ల బతికింది. సీటు మీద పడుకోబెట్టి తెచ్చిన బూసన్న మాత్రం దారిలోనే పోయాడు.

ఇప్పటికీ ఆ దారిలో ఏ డ్రైవరూ దీపం లెక్క ఇద్దరికి చెప్పి, మూడేసిసార్లు తిరిగి చెప్పించుకోకుండా బ్యాటరీ తీగ ముట్టడు. కొత్తవాళ్లు నవ్వుతారు. “దీపానిదేముంది, మరిచిపోద్ది. మనలో ఒకరికైనా గుర్తుండాలి, బూసన్న మాట” అంటారు పాతవాళ్లు.

అమ్మాయ్ రమణీ, ఇదంతా రాసుకుంటున్నావు కదా, ఆ తల్లి పేరు సన్యాసమ్మేనా, పైడమ్మా? పిల్ల పేరు అసలు రావడమే లేదు. మీ పెద్దత్తనడిగి ఒకసారి సరిచూడు.