నక్క తెచ్చిన అంకె, గిజిగాడు కుట్టిన చొక్కా

రండి రండి, ఇంకాస్త ముందుకు జరగండి. గోడకానుకున్న ఆ పెద్దాయనకు ఇటు చోటివ్వండమ్మా. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఇంకో నలుగురు పడతారు. ఆ స్వామి మనందరికీ ప్రాణం ఒక్కలాంటిదే పోశాడు గానీ, ఒళ్లు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో అచ్చులో పోశాడు. ఆయన్ని తలచుకుని ఆ ఒళ్ల సంగతే చెబుతాను, వినండి.

ఎర్రగుట్ట కింద ఒక కాపరి దొడ్డి ఉండేది. చుట్టూ ముళ్లకంచె, ముందర తడిక, లోపల ఓ చిన్న పాక. కాపరి మందను తోలుకుని పల్లపు పొలాలకు పోయాడు. దొడ్డిలో మిగిలింది మూటలు మోసి మోసి వీపరిగిన ముసలి గాడిద ఓబులమ్మ, తొలిచూలు గొర్రె మల్లి, నాలుగు కోళ్లు. పక్కనున్న తుమ్మకొమ్మ మీద గిజిగాడు చిన్నప్ప కాపురం. పాత గోనెసంచులు చింపి, చలికాలంలో దొడ్డివాళ్లందరికీ చొక్కాలు కుట్టేది ఆయనే. మెడ, ఛాతీ, నడుము, వీపు... ఒక్కోదాన్నీ గడ్డిపోచతో కొలిచి, కొలతకో ముడి వేసి దాచుకునేవాడు.

ఆ ఏడు చలి తొందరగా వచ్చింది. చలి వెనకాలే శరభయ్య వచ్చాడు. శరభయ్య అంటే నక్క. మెడలో టేపు, చంకలో కర్ర, చూడబోతే డాక్టరు వేషం.

"ఏం పిన్నీ, బాగున్నావా? అందరి ఆరోగ్యం చూసిపోదామని వచ్చాను" అన్నాడు తడిక బయటి నుంచే.

"నక్కకు మా ఆరోగ్యం మీద బెంగెప్పటి నుంచి?" అంది ఓబులమ్మ. దాని వెనక కాళ్ల దెబ్బ గుట్టంతటికీ తెలుసు. అందుకే ఏ నక్కా ఆ దొడ్డి లోపల వంకర పని పెట్టుకోదు. ఆ ధైర్యంతో కోళ్లు ఎగబడి తడిక తీశాయి. తమ సంగతి ఎవరైనా చెబుతామంటే వినాలని ఎవరికుండదు చెప్పండి!

ఉన్ని తూచే పాత కాటా ఒకటి మూలన పడుంది. శరభయ్య దాన్ని లాగి దుమ్ము దులిపాడు. "బరువు తూస్తాం. నేల నుంచి వీపు దాకా ఎత్తు మీటర్లలో కొలుస్తాం. బరువును ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్లీ ఎత్తుతోనే భాగిస్తాం. పట్నంలో దీన్ని బీఎంఐ అంటారు. పాతిక దాటితే లావు. అంతే!"

కోళ్లకు ఒక్కోదానికి ముప్పై రెండొచ్చింది. మల్లి కాటా ఎక్కింది. నలభై తొమ్మిది కిలోలు, డెబ్బై సెంటీమీటర్లు.

"నిండా వంద!" నక్క నాలుక చప్పరించాడు.

"అది కడుపండీ డాక్టరుగారూ. పదిరోజుల్లో ఈనుతాను."

"ప్రతి లావుపాటి గొర్రే అదే అంటుందమ్మా. సరే, కడుపే అనుకుందాం. లోపల పిల్ల బలిసిపోతే కాన్పెలా అవుతుందో ఆలోచించావా?"

మల్లి తలొంచుకుని కాటా దిగింది. తొలిచూలు కదా, ఆ మాట గుండెల్లో దిగిపోయింది.

ఓబులమ్మ చెవులు రెండూ నక్క వైపు తిప్పింది. "బాబూ, ఆ పాతిక ఎవరిని కొలిచి పెట్టారు?"

"మనుషుల్ని పిన్నీ."

"రెండు కాళ్ల మీద నిలబడేవాళ్లనా?"

"లెక్క లెక్కే పిన్నీ, కాళ్లతో పనేముంది? ఎక్కు నువ్వూ." నూట ఇరవై ఒక్క కిలోలు, మీటరు మీద పది సెంటీమీటర్లు. ఓబులమ్మకూ సరిగ్గా వందే వచ్చింది.

శరభయ్య మందు చెప్పాడు. మేత సగం మానాలి. రోజుకొకరు చొప్పున, ఒంటరిగా, తెల్లవారుతూనే కంచె దాటి గుట్ట చుట్టూ పరుగెత్తి రావాలి. ఇకమీదట చొక్కాలకు పోచలూ ముడులూ అక్కర్లేదు, అంకె చూసి కుట్టేయడమే.

మొదటి రోజు ఒక కోడి పోయింది. రెండో రోజు ఇంకో కోడి పోయింది. రెండూ తిరిగి రాలేదు.

"ఏవయ్యా, మా కోళ్లేవి?" అంది ఓబులమ్మ.

"సన్నబడ్డాయి కదా, చుట్టాలకు చూపించుకోవడానికి పొరుగూరు పోయాయి."

"ఒక్క పొద్దులోనా?"

"వాటి పట్టుదల అలాంటిది!"

మిగతా రెండు కోళ్లూ దూలమెక్కి కూర్చున్నాయి. దిగమంటే దిగలేదు. ఓబులమ్మకు ఆ రోజు నుంచి గడ్డి సయించలేదు. గాలి అటునుంచి వీస్తే చాలు, ముక్కులెగరేసి వాసన చూసేది.

వారం తిరక్కుండా చిన్నప్ప చొక్కాలు తెచ్చాడు. మల్లికీ ఓబులమ్మకూ అంకె ఒకటే గనక ఇద్దరివీ ఒకే కొలత. మల్లి తొడుక్కుంటే చొక్కా నేల ఊడ్చింది. ఓబులమ్మకు తల దూరింది గానీ మిగతాది మెడ దగ్గరే ఆగిపోయింది.

"చిన్నప్పా, ఇదేం కుట్టుడయ్యా! నేనూ మల్లీ కవలలమా?"

"నన్నంటావేం అత్తా! ఇద్దరిదీ వందేనని ఆయన ఒకటే సతాయింపు. నాకూ అప్పుడే అనుమానమొచ్చింది." చిన్నప్ప సిగ్గుపడుతూ రెక్క కింద నుంచి మల్లి పాత పోచ తీశాడు. ఆమె మెడకు చుట్టి ఉలిక్కిపడ్డాడు. "ముడి వదులైంది! వెన్నెముక ముక్కుకు తగులుతోంది. కడుపు మాత్రమే పెరిగింది. లావయ్యేవాళ్లు మెడ దగ్గర చిక్కిపోతారా అత్తా?"

ఓబులమ్మ మల్లి దగ్గరికి జరిగింది. "నిజం చెప్పు తల్లీ, ఏం తింటున్నావు?"

"పొద్దున గుప్పెడు." మల్లి పొట్ట వైపు తల తిప్పుకుంది. "పిల్ల లావైతే నేను బతకనన్నాడు అత్తా. రేపు నా వంతు. గుట్ట వెనక మెత్తటి ఇసకుందట, అక్కడైతే సుఖంగా ఈనుతానట."

అప్పుడు ఓబులమ్మకు అంతా అర్థమైంది. నక్కకు ఎదిగిన గొర్రెతో పని లేదు. కాళ్లు తేలిపోయిన తల్లి ఒంటరిగా ఈనితే చాలు, తడి ఆరని పిల్ల వాడి నోటికందుతుంది.

పొద్దు పొడిచేసరికి శరభయ్య తడిక దగ్గరున్నాడు. "మల్లమ్మా, బయల్దేరు!"

"వస్తుంది బాబూ, వస్తుంది" అంది ఓబులమ్మ తీయగా. "పిచ్చిది, భయపడుతోంది. ముందుగా డాక్టరే కాటా ఎక్కి, తన అంకె చొక్కా తొడుక్కుంటే దానికీ ధైర్యమొస్తుంది."

అంతమందిలో కాదంటే పరువేముంటుంది? శరభయ్య మీసం దువ్వుకుని కాటా ఎక్కాడు. పది కిలోలు, నలభై సెంటీమీటర్లు. అరవై రెండున్నర.

"అయ్యో, పాతిక ఎప్పుడో దాటేశావే!"

"నాది కొవ్వు కాదు పిన్నీ. ఎముక బరువు. మా వంశంలో ఎముక గట్టిది."

"ఓహో! ఎముకలు నీకొక్కడికే ఉన్నాయన్నమాట. మేమంతా బొంతలమా?"

దూలం మీద కోళ్లు కిసుక్కున నవ్వాయి. నక్క పళ్లు కొరుక్కున్నాడు. ఈలోగా చిన్నప్ప గోనెముక్కతో చొక్కా గబగబా కుట్టేసి, తలొంచుకుని చాపాడు. "అరవై రెండున్నరండీ. కోడి చొక్కాకు రెండింతలు, మల్లి చొక్కా కన్నా చాలా చిన్నది. మీ లెక్క ప్రకారమే కుట్టాను."

"పట్టదంటే చెప్పు" అంది ఓబులమ్మ. "అంకె తప్పని అందరి ముందూ ఒప్పుకో, వెళ్లిపో."

ఒప్పుకుంటే గొర్రెపిల్ల దక్కదు. శరభయ్య ఊపిరి బిగబట్టి తల దూర్చాడు. ముందుకాళ్లు రెండూ గోనెలో ఛాతీకి అతుక్కుపోయాయి. పొట్ట దగ్గర చిన్నప్ప గబగబా నాలుగు ముడులేసి ఎగిరిపోయాడు. గిజిగాడు వేసిన ముడి, పెనుగాలికే ఊడదు!

"విప్పండి! ఊపిరాడటం లేదు!"

ఓబులమ్మ నెమ్మదిగా వెనక్కి తిరిగి నిలబడింది. "కోళ్లేవిరా?"

"చుట్టాల..."

గిట్ట ఒకటి పైకి లేచింది.

"తిన్నాను! రెంటినీ నేనే తిన్నాను పిన్నీ!"

"నీకు పిన్నినా నేను?" అని ఓబులమ్మ ఒక్కటంటే ఒక్కటే తన్నింది. శరభయ్య కంచె మీదుగా పోయి ముళ్లలో పడ్డాడు. కాళ్లు కట్టుబడి దేక్కుంటూ గుట్టెక్కుతుంటే గోనె గరగరమంది. ఆ చప్పుడుకు దారిలో ఉన్న కుందేళ్లన్నీ బొరియల్లో దూరిపోయాయి. ఆ చలికాలమంతా శరభయ్యకు ఏం దొరికిందో ఆ దేవుడికే తెలియాలి.

మల్లి ఆ పూట కడుపునిండా మేసింది. నాలుగో నాడు దొడ్డిలోనే, ఓబులమ్మ వీపు చాటున, చుక్కలాంటి పిల్లను ఈనింది. మంత్రసాని లేకపోయినా చల్లగా కాపాడేవాడు ఆ స్వామి ఉన్నాడు కదా.

చిన్నప్ప కాటాను ఈడ్చి పారేయబోయాడు. ఓబులమ్మ ఆపింది. "అది మనకేం ద్రోహం చేసింది? వారానికోసారి పిల్లను ఎక్కిద్దాం. పోయిన వారం కన్నా పెరిగిందా, తరిగిందా చూద్దాం. చొక్కాకు మాత్రం నువ్వు పోచే పట్టు."

ఒంటికి అంకె ఒక ఆనవాలే గానీ, అంకె కోసం ఒళ్లు పుట్టలేదు.

పొద్దుపోతోంది, లేవండి తల్లీ. మిగతా కథంతా మరిచిపోయినా ఓబులమ్మ చేసిన ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి. ఎవరైనా లెక్కొకటి పట్టుకొచ్చి మీ ఒంటిని తప్పుపడితే, ఆ లెక్కలో ముందు వాళ్లనే నిలబెట్టండి. రేపు ఇంకొకరికి చెప్పండి, వాళ్ల చేతా చేయించండి.