దివ్వెలతోటలో చామక్క తల్లి కళ్లు తెరిచిన కథ

కామసానిసముద్రం చెరువు ఒడ్డున, బస్సు దిగి అర మైలు నడిస్తే దివ్వెలతోట వస్తుంది. తాడు పట్టి గీసినట్టున్న పూలమడులు, వాటి మధ్య రాతి కాలువలు, నీటి అంచున నడుమెత్తు పిట్టగోడ. గోడ పొడవునా తీగలు, బాతులు, విచ్చిన తామరలు చెక్కి ఉన్నాయి. గోడ వెంట చేతుల్లో దివ్వెలు పట్టుకుని పన్నెండుగురు రాతి కన్నెలు నిలబడి ఉంటారు. పదకొండుగురు ఎండకూ వానకూ బయటే ఉన్నారు. మెట్ల దగ్గరున్న పన్నెండో ఆమెకు మాత్రం చిన్న గుడి, నిత్యపూజ ఉన్నాయి. ఆమే చామక్క తల్లి. భక్తులు దయచేసి తక్కిన బొమ్మల మీద పేర్లు గీకవద్దు. ఎన్నిసార్లు చెప్పినా గీకుతూనే ఉన్నారు, ఏం మనుషులో!

పూర్వం ఇక్కడ గుండమరాజు అనే మండలాధిపతి తన రాణి విహారానికి ఈ తోట వేయించి, రాతిపనిని వీరోజు అనే శిల్పికి అప్పగించాడు. ఉలి పడితే వీరోజుకు లోకం పట్టేది కాదు. ఆయన భార్య కాచమ్మ. వారికి లేక లేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు చామక్క. ఆ పిల్లను చేతిలో దివ్వెతో నిలబెట్టి, చూసి చెక్కేవాడు. పదకొండు బొమ్మలూ అలాగే పూర్తయ్యాయి.

పన్నెండో బొమ్మకు నీటి వెలుగు ముఖం మీద పడాలని పిల్లను చెరువు మెట్ల చివర నిలబెట్టాడు. ఆ మెట్టు పాచి పట్టి ఉంది.

"నాయనా, కాలు జారుతోంది" అన్నది చామక్క.

"కదలకు తల్లీ, ఇంకొక్క గీత" అన్నాడు వీరోజు, రాతి మీద నుంచి తల ఎత్తకుండానే.

ఆ గీత పూర్తి చేసి తల ఎత్తేసరికి మెట్టు మీద పిల్ల లేదు. జాలరులు వలలు వేసి సాయంత్రానికి పైకి తీశారు. అయ్యో, ఏ తండ్రికీ ఆ గతి పట్టకూడదు.

కాచమ్మ నెల రోజులు భర్తతో మాట్లాడలేదు. ఆ నెలంతా వీరోజు ఏడుస్తూనే పన్నెండో బొమ్మ చెక్కాడు. కంటిపాపలు తప్ప అన్నీ తీర్చాడు. గర్భగుడిలో పూజలందుకునే మూర్తికే శిల్పి చివరగా కళ్లు తెరుస్తాడు, తోట బొమ్మలకు ఆ సంస్కారం లేదు, అందుకే తక్కిన పదకొండింటికీ కంటిపాపలు లేవు. అప్పుడు ఒక మధ్యాహ్నం కాచమ్మ కునుకు తీస్తుండగా చామక్క కలలోకి వచ్చి, "అమ్మా, ఏమీ కనబడటం లేదు" అన్నది.

కాచమ్మ పరుగున వచ్చింది. "దాని కళ్లు తెరువు."

"తెరిస్తే దేవత అయిపోతుందే. ఇక మన బిడ్డ అనుకోవడానికి ఉండదు. దణ్ణం పెట్టాల్సిందే."

"పెడతాను. చీకట్లో మాత్రం ఉంచను."

మూర్తి తొలిచూపు మహా తీక్ష్ణమైనది. అందుకే ఎవరూ ఎదుట నిలబడకుండా అద్దం పట్టాలని శాస్త్రం. వీరోజు అద్దం నిలబెట్టి, తాను పక్కకు ఒదిగి, ఉలి ఆనించాడు. ఆఖరి దెబ్బ పడే వేళకు కాచమ్మ అద్దాన్ని తోసేసి ఎదుట నిలబడింది. కళ్లు తెరిచేసరికి బిడ్డకు అమ్మ కనబడకపోతే ఎలాగన్నదే ఆ తల్లి బాధ.

ఆ తొలిచూపుకు కాచమ్మ రెండు కళ్లూ పోయాయి. వీరోజు గొల్లుమన్నాడు. ఆమె మాత్రం తడుముకుంటూ భర్త చెయ్యి పట్టుకుని, "ఏడవకయ్యా. నన్ను చూసింది" అన్నది. కూతురు పోయాక ఆమె భర్తతో మెత్తగా అన్న మొదటి మాట అదే. వీరోజు మళ్లీ ఉలి ముట్టలేదు. బతికినన్నాళ్లూ ఆమెను చెయ్యి పట్టుకుని రోజూ ఇక్కడికి తీసుకొచ్చేవాడు.

నేటికీ ప్రతి ఉదయం అర్చకులు అద్దం పట్టిన తరువాతే తలుపు తీస్తారు. పుష్య అమావాస్య ఉదయం మాత్రం అద్దం పట్టరు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఎదుట నిలబెట్టి తలుపు తీస్తారు. ఇంతవరకు ఎవరి కళ్లకూ ఏమీ కాలేదు. ఫలమేమిటని కొందరు అడుగుతారు. పోయిన బిడ్డ తిరిగి రాదు, ఆ మాట మేము దాచము. తల్లి కాసేపు అక్కడ నిలబడి ఇంటికి వెళ్తుంది, ఆ రాత్రి నిద్ర పడుతుందని చెబుతారు. ఎవరూ రాకపోతే ఆనాడు తలుపు తీయకూడదని నియమం. తలుపు తీయని ఏడాది ఇంతవరకు రాలేదు.