నేరం ఒప్పించే విద్య

ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. మీసం దువ్వుకోవడం అయ్యాక తీరిక దొరికితే ఏలేవాడు, అదీ సంగతి.

ఆయన కొలువులో భటులకు నీతిశాస్త్రం చెప్పేది సింగమాంబ. ఆవిడ నోటికి జడిసి పట్టపుటేనుగు కూడా పక్కకు తప్పుకునేదని చెప్పుకునేవారు.

ఒకనాడు కొత్వాలు దుగ్గనాయకుడు చేతులు కట్టేసిన ఒక మనిషిని సభలోకి తోసుకొచ్చి, రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

"మహారాణీవారి ముత్యాలహారం కాజేసిన దొంగ దొరికాడు ప్రభూ! పల్లకీ మోసే బోయీ గవరయ్య. నాలుగు తగిలించగానే ఒప్పుకున్నాడు. దొంగను పట్టేవాడికి కండ చాలదూ? ఈ నీతిపాఠాలు దేనికి?"

"నిజమే! ఆ పాఠశాల మూసెయ్యండి. సాయంత్రానికి వీడి చెయ్యి నరికెయ్యండి" అన్నాడు రాజు.

సింగమాంబ లేచింది.

"మూస్తే మూయండి ప్రభూ. ముందు ఇతణ్ణి రెండు మాటలు అడగనివ్వండి. కొత్వాలుగారు కొరడా పట్టుకుని పక్కనే ఉండొచ్చు. దెబ్బ మాత్రం పడకూడదు."

నేరం మోపబడినవాడు సభలో తల ఎత్తకూడదని ఆ కొలువు ఆచారం. గవరయ్య నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఏమయ్యా గవరయ్యా, నా ముక్కుపుడక కూడా నువ్వే తీశావా?"

కొరడా కొస నేల మీద కదిలింది.

"తీశానమ్మా!"

ముక్కుపుడక ఆవిడ ముక్కునే మెరుస్తోంది. సభలో కిసుక్కుమన్నారు.

"మరి రాజుగారి కిరీటం?"

"అదీ నేనేనమ్మా! కొట్టించకండి!"

రాజు చెయ్యి గబుక్కున నెత్తి మీదికి పోయింది. కిరీటం అక్కడే ఉంది.

"అయితే హారం ఎవడు తీశాడు?" అన్నాడు రాజు, గొంతు తగ్గించి.

"ఎవరికి తెలుసు ప్రభూ? ఇతను ఒప్పుకోగానే కొత్వాలుగారు వెతకడం మానేశారు. అసలు దొంగ ఈపాటికి కాళ్లు చాపుకుని తాంబూలం నములుతుంటాడు. నా దగ్గర చదువుకున్న భటుడైతే కొరడా ముట్టడు. సొత్తు చూపించమంటాడు, చూపించలేకపోతే మళ్లీ వెతుకుతాడు. నేను నేర్పే నీతి అదే. తలెత్తుకుని చెబుతున్నాను."

రాజు మొహం ఎర్రబడింది. ఆపైన పగలబడి నవ్వాడు. గవరయ్య కట్లు విప్పించి, తన మెడలోని పతకం తీసి సింగమాంబకు ఇచ్చాడు.

"పాఠశాల నీది. ఇంకేం కావాలో కోరుకో!"

"రేపటి నుంచి కొత్వాలుగారు నా పాఠానికి రావాలి. ముందు వరుసలో కూర్చోవాలి."

"ఈ వయసులో నాకు చదువేమిటమ్మా!" అని గొణిగాడు దుగ్గనాయకుడు.

"కొట్టడానికి అడ్డురాని వయసు వినడానికి అడ్డొచ్చిందా నాయనా?"

ఈసారి రాజుతో పాటు గవరయ్య కూడా నవ్వాడు, తల ఎత్తి.