ఎండ అడిగిన తాబేలు

అనగనగా కాలవ గట్టున ఒక కుమ్మరోళ్ళ వీధి. ఆ వీధి చివరింట్లో నూకరత్నం అనే పిల్ల, వాళ్ళ తాత గవరయ్య ఉండేవారు.

ఒక వేసంగిలో కాలవ ఎండిపోయింది. అప్పుడు అడుగు బురదలో నూకరత్నానికి ఒక తాబేలు పిల్ల దొరికింది. అరచేతిలో పట్టేటంత. డిప్పన్న అని పేరు పెట్టి, పరికిణీ ఒడిలో వేసుకుని ఇంటికి తెచ్చింది.

"నేను పెంచుకుంటా తాతా."

"పెంచుకో. ఇల్లు మాత్రం నేనిస్తా" అన్నాడు తాత. ఇంటి నిండా కుండలే కదా మరి!

మొదట మంచి కొత్త కుండ ఇచ్చాడు. మెడదాకా నీళ్ళు పోశారు. డిప్పన్న కాళ్ళు ఆడించింది, ఆడించింది. కాసేపు ఆగుదామంటే కాలు ఆనే చోటే లేదు. సాయంత్రానికి సొమ్మసిల్లింది పాపం.

ఆ తర్వాత పెద్ద గోలెం ఇచ్చాడు. గొడ్లు నీళ్ళు తాగే తొట్టంత వెడల్పు. నూకరత్నం అందులో జానెడు నీళ్ళే పోసింది. రోజూ పాత నీళ్ళు పారబోసి తేట నీళ్ళు పోసేది. తాబేలుని ముట్టుకున్నాక చేతులు కూడా కడుక్కునేది, నీలా ఎగ్గొట్టేది కాదు!

డిప్పన్న బాగానే ఈదింది. కానీ తిండి ముట్టదే! వానపాము ఎర్ర వేస్తే మొహం తిప్పేసింది. చిన్న రొయ్య వేస్తే కళ్ళు మూసేసింది. కళ్ళు ఉబ్బాయి. డిప్ప మీద వేలు పెడితే మెత్తగా లోపలికి దిగింది.

"తాతా, ఇది చచ్చిపోద్దేమో!"

"నీడలోనే ఉందిగా, ఏం కాదు. ఎండ మాత్రం తగలనీకు. పచ్చిది నీడనే ఆరాలి. ఎండలో పెడితే పగిలిపోద్ది."

కుమ్మరోళ్ళు పచ్చి కుండల్ని అట్లాగే ఆరబెడతారు. తాతకి తాబేటి డిప్పైనా అంతే!

మర్నాడు పొద్దున్నే ఇంటికప్పు పెంకుల సందులోంచి రూపాయి బిళ్ళంత ఎండ గోలెంలో పడింది. డిప్పన్న ఈదుకుంటూ పోయి అందులో మెడ పెట్టింది. ఎండ జరిగింది, అదీ జరిగింది. మళ్ళీ జరిగింది, మళ్ళీ వెనకాలే పోయింది. మూడోసారి ఎండ గోలెం దాటి నేల మీదికి పోయింది. అప్పుడు డిప్పన్న గోలెం అంచుని గోళ్ళతో గీకింది.

"తాతా! దీనికి ఎండ కావాలి!"

"కుండ పగిలితే ఇంకోటి చేస్తా. అది పగిలితే ఏం చేస్తావే?"

"తినకపోతే మాత్రం బతుకుద్దా? మాటలు తర్వాత, అటు చెయ్యెయ్యి."

తాత గొణుక్కుంటూనే చెయ్యేశాడు. ఇద్దరూ గోలేన్ని వాకిట్లోకి ఈడ్చారు. నూకరత్నం పగిలిన బాన పెంకు తెచ్చి నీళ్ళలో బోర్లించింది. సగం మునిగింది, సగం పైకి తేలి చిన్న గట్టులా నిలిచింది. ఎండ ఎక్కువైతే దాక్కోవడానికి ఓ పక్కన తాటాకు కప్పింది.

డిప్పన్న ఎక్కబోయింది, జారింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది. అప్పుడు తాత లోపలికెళ్ళి, కొబ్బరితాడు తెచ్చి పెంకు చుట్టూ బిగించి చుట్టాడు. మూడోసారి దాని గోళ్ళకి పట్టు దొరికింది. పైకెక్కి, మెడ చాపి, వెనక కాళ్ళు బారజాపి పడుకుంది.

తాత పక్కనే గొంతుక్కూచున్నాడు. "చూస్తుండు, ఇప్పుడు బీట పడుద్ది."

ఆ రోజూ పడలేదు, ఆ మర్నాడూ పడలేదు. మెల్లిగా కళ్ళ వాపు తీసింది. ఆ తర్వాత ఒక పొద్దున గట్టు మీంచి బుడుంగున దూకి, రొయ్యని గుటుక్కున మింగేసింది.

నూకరత్నం చప్పట్లు కొట్టింది. కొన్నాళ్ళు పోయాక తాత డిప్పన్నని చేతిలోకి తీసుకుని, కుండని చూసినట్టు డిప్ప మీద వేలితో కొట్టాడు. టక్కుమంది!

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! కుండలు కాల్చే ఆవంలో పెట్టకుండానే కాలిందే!" అన్నాడు.

గోలెం నిండా నీళ్ళు, గట్టు నిండా ఎండ,
తాబేలు పొట్ట చూస్తే తాతగారి కుండ.
కథేమో కంచి దారి పట్టింది,
కునుకొచ్చి మన గుమ్మం తట్టింది.