సువార్తమ్మ చదివిన వాక్యం

చర్చి పాస్టరు దయాసాగరం అయ్యగారికి వాదించే అలవాటు లేదు. ఆయన దగ్గర సేవకు తర్ఫీదు పొందుతున్న కృపానందం, తన పెళ్ళి దగ్గరపడిన రోజుల్లో ఒకసారి అడిగాడు: "అయ్యగారూ, భర్త ప్రేమించాలి, భార్య గౌరవించాలి అంటాం కదా. ముందు ఎవరు మొదలుపెట్టాలండీ?"

అయ్యగారు తాను ఏటి నడుమ ఒక లంక ఊళ్ళో పనిచేసినప్పుడు జరిగిన సంగతి చెప్పారు.

ఆ ఊరి సంఘపెద్ద బెన్యామీను. ఆదివారం ఆరాధనలో బైబిలు వాక్యం చదివేది ఆయనే. గంభీరమైన గొంతు. ఆ గొంతుతోనే భార్యను నలుగురిలో తీసిపారేసేవాడు. ఆమె పేరు సువార్తమ్మ. పెద్దవయసులో సండేస్కూలు పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. "నువ్వు చదివి ఎవర్ని ఉద్ధరించాలి?" అని బెన్యామీను చుట్టాల ముందే నవ్వాడు. అప్పటినుంచి ఆమె వేళకు అన్నం పెట్టేది గాని, ఆయనతో మాటలు తగ్గించేసింది.

కొన్నాళ్ళకు ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాయి. పెద్దరికం పోతుందని ఎవరికీ చెప్పలేదు. పుస్తకం తెరిచి పట్టుకుని, కంఠతా వచ్చిన భాగాలే చదువుతున్నట్టు చెప్పేవాడు. సువార్తమ్మ ఒక్కతే కనిపెట్టింది. ఎక్కడా బయటపెట్టలేదు.

ఒక ఆదివారం అయ్యగారు, సంగతి తెలియక, చదవాల్సిన అధ్యాయం అప్పటికప్పుడు మార్చారు. బెన్యామీను పేజీలు తిప్పాడు. నోరు తెరిచాడు. ఆ అధ్యాయం ఆయనకు కంఠతా రాదు. జనం తలలెత్తి చూస్తున్నారు.

ఆడవాళ్ళ వరసలోంచి సువార్తమ్మ లేచింది. వెళ్ళి భర్త పక్కన నిలబడి, ఆయనకు మాత్రమే వినబడేలా ఒక్కొక్క మాటా అందించింది. ఆయన ఆ మాటల్నే పైకి పలికాడు.

రెండు వచనాలయ్యాక బెన్యామీను ఆగిపోయాడు. "నాకు అక్షరాలు కనబడటం లేదు," అన్నాడు సంఘంతో. "ఇందాకటినుంచి చదువుతున్నది మా ఆవిడ. ఈమె చదువును చూసి నవ్విన మనిషిని నేను." తర్వాత ఆమె వైపు తిరిగి, "సువార్తా, నువ్వే చదువు. అందరికీ వినబడేలా చదువు," అంటూ పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఆమె కూడబలుక్కుంటూ అధ్యాయమంతా చదివింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు.

"ఆపరేషన్ చేయించాక ఆయనకు చూపు వచ్చింది," అన్నారు అయ్యగారు. "అయినా ఇప్పుడు ఒక వారం ఆయన చదివితే, ఒక వారం ఆమె చదువుతుంది."

కృపానందం వదల్లేదు. "అయితే మొదలుపెట్టింది ఆవిడేనా అండీ?"

"ఆ రోజు ఆరాధన అయ్యాక వాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వాన బురదలో ఇంటికి వెళ్తుంటే వెనకనుంచి చూశాను నాయనా," అన్నారు అయ్యగారు. "ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో నాకు తెలియలేదు."