మూలకు మూల కలిసిన బొంత

అనగనగా ఒక అడవిలో, ఉత్తరపు కొండ కింద, ఒక గుహ ఉండేది. చలికాలం వచ్చిందంటే అడవిలోని పసికూనలన్నిటినీ ఆ గుహలోనే పడుకోబెట్టేవారు. జింకపిల్లా, నక్కపిల్లా, కుందేలుపిల్లలూ ఒకదాన్నొకటి ఆనుకుని వెచ్చగా నిద్రపోయేవి. గుహ ద్వారానికి ఒక పెద్ద బొంత వేలాడుతూ ఉండేది. కొండగాలిని ఆపేది అదే.

ఆ ఏడు బొంత చివికిపోయింది. చెయ్యి వేస్తే చిరిగిపోతోంది. అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి గురవయ్య అందరినీ పిలిచాడు.

"పుష్యమాసానికి ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. కొత్త బొంత కావాలి. తలా ఒక గుడ్డ ఇవ్వండి. మరి కుట్టేదెవరు?" అన్నాడు.

"నేను!" అంది ముంగిస రవణమ్మ.

ఆమె అలా అనడంలో తప్పేమీ లేదు. ఆ అడవిలో రవణమ్మంత చకచకా సూది నడిపేవాళ్ళు లేరు. ఆ మాట ఆమెకూ తెలుసు.

"మామూలు బొంత కాదు మామా. వరసకు ఎనిమిది గళ్ళు, ఎనిమిది వరసలు. ప్రతి గడిలో సగం నల్ల ముక్క, సగం తెల్ల ముక్క, రెండూ ముక్కోణాలే. అన్నీ కలిస్తే కొండ శిఖరాల్లా కనిపించాలి," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. జింక ముదురు రంగు చీర ముక్క ఇచ్చింది. నెమలి తెల్ల పంచె ఇచ్చింది. గుడ్డలు కుప్ప పడ్డాయి.

ఏదుపంది ఎర్రక్కవ్వ మాత్రం చప్పట్లు కొట్టలేదు. పాత బొంత కుట్టింది ఆవిడే. తన ఒంటి మీది ముల్లు ఒకటి పీకి, సూదికి పనికొస్తుందని రవణమ్మకు ఇచ్చింది. తాటిమట్టతో చేసిన ముక్కోణపు కొలత పలక ఒకటి చూపించింది.

"పిల్లా, ముక్కోణం మాయలమారిది. కంటిని నమ్మకు. ఈ పలక పెట్టి కొయ్యి," అంది.

రవణమ్మ నవ్వింది. "అవ్వా, కొలత నా కళ్ళలోనే ఉంది. పలకెందుకు?"

ఎర్రక్కవ్వ పలక పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

రవణమ్మ పని మొదలుపెట్టింది. గుడ్డను చదరాలుగా కోసింది. ఒక్కో చదరాన్ని మూల నుంచి మూలకు కోసి ముక్కోణాలు చేసింది. నల్లదీ తెల్లదీ పక్కపక్కన పెట్టి టకటకా కుట్టింది. మూడు రోజుల్లో రెండు వరసలు పూర్తయ్యాయి. రెండిటినీ నేల మీద పక్కపక్కన పరిచింది.

పరిచి, అలాగే నిలబడిపోయింది.

ఒక వరస పొడుగు. ఒక వరస పొట్టి. ఒక గడి అటు వాలింది, ఇంకోటి ఇటు వాలింది. శిఖరాలు కొన్ని తలలు తెగినట్టు ఉన్నాయి.

చెట్టు మీది నుంచి కోతి తిప్పడు ఇదంతా చూశాడు. కిందికి దూకాడు.

"అక్కా, దీనికే ఇంత దిగులా? పొట్టి వరసను కాస్త తడిపి, పట్టుకుని లాగు. సరిపోతుంది. గాలికేమన్నా కళ్ళున్నాయా, శిఖరాలు చూడ్డానికి?" అన్నాడు.

రవణమ్మకు ఆ మాట నచ్చింది. వరసను తడిపింది. ఒక కొస తిప్పడు పట్టుకున్నాడు, ఇంకో కొస ఆమె పట్టుకుంది. లాగారు. పొట్టి వరస పొడుగు వరసతో సమానమైంది. రెండూ కలిపి కుట్టేసి, ఎలా ఉందో చూద్దామని గుహ ద్వారానికి కట్టింది.

ఆ సాయంత్రమే కొండ మీది నుంచి గాలి వీచింది. బొంత ముక్క గాలి నిండిన తిత్తిలా ఉబ్బింది. లాగి కుట్టిన చోట కుట్లు పర్రున విడిపోయాయి. చలిగాలి గుహలోకి దూసుకుపోయింది. లోపల కుందేలుపిల్ల ఒకటి తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. మూడోసారి తుమ్మి, ఏడుపు మొదలుపెట్టింది.

రవణమ్మ పిల్లను ఎత్తుకుని పొట్టకు అదుముకుంది. ఆ చిన్న ఒళ్ళు గజగజా వణుకుతోంది.

"ఇంకో రెండు కుట్లు వేసేస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు," అన్నాడు తిప్పడు మెల్లగా.

"ఈ పిల్లకు తెలిసిందిగా," అంది రవణమ్మ.

తెల్లవారగానే ఆమె గురవయ్య దగ్గరికి వెళ్ళింది. తల దించుకోలేదు. సాకులు చెప్పలేదు.

"మామా, రెండు వరసలు పాడుచేశాను. కంటి కొలతతో కోశాను. నలుగురిచ్చిన గుడ్డ వృథా అయింది. మళ్ళీ మొదటి నుంచి కుడతాను. ఈసారి బాగా కుడతాను."

గురవయ్య గెడ్డం గోక్కున్నాడు. "కుడతావు సరే. పోయిన గుడ్డ ఎక్కడి నుంచి తెస్తావమ్మా?"

"నా దుప్పటి ఉంది. ఒళ్ళంతా తెలుపు, వెడల్పాటి నల్ల అంచు. నష్టం నాది, గుడ్డ కూడా నాదే," అంది రవణమ్మ.

అక్కడి నుంచి నేరుగా ఎర్రక్కవ్వ ఇంటికి నడిచింది. "అవ్వా, నేర్పు," అంది. అంతే. ఎర్రక్కవ్వ కూడా "నేను చెప్పలేదా" అనలేదు. చాప వేసి కూర్చోబెట్టింది.

"ముందు ఇది చూడు," అని ఒక గుడ్డ ఇచ్చింది. "నిలువునా లాగు. సాగిందా?"

"లేదు."

"అడ్డంగా లాగు."

"సాగలేదు."

"ఇప్పుడు మూల నుంచి మూలకు లాగు."

గుడ్డ జీళ్ళ పాకంలా సాగింది. రవణమ్మ కళ్ళు పెద్దవి చేసింది.

"నువ్వు ముందే ముక్కోణాలు కోశావు. ఆ ఏటవాలు అంచు నీ చేతిలో సాగింది, సూది కింద సాగింది, చివరికి తిప్పడి చేతిలో కూడా సాగిందట. అందుకే ముందు ముక్కోణం కోయకూడదు. ముందు కుట్టాలి, తర్వాత కోయాలి."

ఎర్రక్కవ్వ ఒక నల్ల చదరం మీద ఒక తెల్ల చదరం పెట్టింది. బొగ్గుముక్కతో మూల నుంచి మూలకు ఒక గీత గీసింది. ఆ గీతకు అటు వరిగింజంత ఎడంలో ఒక కుట్టు, ఇటు వరిగింజంత ఎడంలో ఒక కుట్టు వేసింది. అప్పుడు గీత వెంట కత్తెరతో కోసింది. రెండు ముక్కలు వచ్చాయి. ఒకటి విప్పి చూపించింది. సగం నలుపు, సగం తెలుపు!

"ఒక్క కోతకు రెండు గళ్ళు!" అంది రవణమ్మ.

"ఆగు, ఇంకా ఉంది. చదరాన్ని ఎప్పుడూ కావలసినదానికన్నా వేలెడు పెద్దగా కొయ్యి. పెద్దదాన్ని చిన్నది చేయొచ్చు. చిన్నదాన్ని పెద్దది చేసేవాళ్ళు ఈ అడవిలో లేరు. ముక్కను విప్పకముందే, పలక పొడుగు అంచును కుట్టు మీద సరిగ్గా ఆనించు. పలక బయటికి వచ్చిన గుడ్డ మిగతా రెండు వైపులా కోసెయ్యి. అప్పుడు విప్పి, వేడి రాయితో అణిచిపెట్టు. రుద్దకు, అణుచు. రుద్దితే మళ్ళీ సాగుతుంది."

"ఈ పలక నాకిస్తావా అవ్వా?"

"నాది నాకు కావాలి. నువ్వే ఒకటి కోసుకో."

రవణమ్మ తాటిమట్ట తెచ్చి పలక కోసింది. అవ్వ పలక మీద పెట్టి చూసింది. ఒక అంచు వెంట్రుకవాసి ఎక్కువుంది. పారేసి ఇంకోటి కోసింది. అదీ కుదరలేదు. మూడోది అతికినట్టు సరిపోయింది.

ఇక ఆమె తొందరపడలేదు. గియ్యడం, కుట్టడం, కోయడం, పలక పెట్టి సరిచేయడం, అణచడం. ప్రతి గడినీ మొదటి గడి మీద పెట్టి చూసింది. తేడా ఉంటే కుట్టు విప్పింది. మొదటి రోజు నాలుగు గళ్ళే అయ్యాయి. తిప్పడు చెట్టు మీది నుంచి వేళాకోళం చేశాడు. ఐదో రోజుకు చెయ్యి అలవాటు పడింది. పదో రోజుకు సూది దానంతటదే పరుగెత్తింది. ఇప్పుడు ఆమె నమ్మకం కళ్ళలో లేదు, చేసే పద్ధతిలో ఉంది. అందుకే గట్టిగా ఉంది.

అరవై నాలుగు గళ్ళు పూర్తయ్యాయి. వరసకు వరస కలిసింది. మూలకు మూల కలిసింది. ఏ శిఖరానికీ తల తెగలేదు. రవణమ్మ వెనక ఇంకో గుడ్డతో అస్తరు వేసి, ద్వారానికి కట్టింది.

పుష్యమాసం వచ్చింది. కొండగాలి మూడు రోజులు విడవకుండా కొట్టింది. మొదటి రోజు బొంత ఉబ్బింది, కుట్టు కదలలేదు. రెండో రోజు చెట్ల కొమ్మలు విరిగాయి, కుట్టు కదలలేదు. మూడో రోజు గురవయ్య స్వయంగా వచ్చి బొంత మీద అరచెయ్యి ఆనించి చూశాడు. బయట మంచులా ఉంది. చెయ్యి లోపలికి పెడితే వెచ్చగా తగిలింది.

"రవణమ్మ ఎక్కడ? మెచ్చుకోవాలి," అన్నాడు.

ఎర్రక్కవ్వ బొంత అంచు కొంచెం ఎత్తి లోపలికి చూపించింది. రవణమ్మ పసికూనల మధ్య కాళ్ళు చాపుకుని హాయిగా గురకపెడుతోంది. ఆమె పొట్ట మీద కుందేలుపిల్ల పడుకుని ఉంది.

"తర్వాత మెచ్చుకుందాంలే," అని గురవయ్య చప్పుడు కాకుండా బొంత దించేశాడు.

నీతి: చేతి నేర్పుకు సరైన కొలత తోడైతేనే పని నిలుస్తుంది, తప్పును లాగి దాచేకన్నా, విప్పి మళ్ళీ కుట్టడమే మేలు.